ఇస్త్రీ బండి కింది పిల్లి

నేను పనిచేసిన క్లినిక్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మొన్న మా ఇంటికి వచ్చారు. “ఆంటీ, మీ అనుభవాలు చెప్పండి, మాకు పనికొస్తాయి” అన్నారు. చాయ్ తాగుతూ గంటసేపు చెప్పాను. సంచీలో దాచి తెస్తున్న పిల్లి బస్సులో బయటికి దూకి కండక్టర్ భుజం ఎక్కిన సంగతి చెప్పాను. ఆడపిల్లి అనుకుని ముద్దుపేరు పెట్టి తెచ్చింది తీరా మగదని తేలితే ఆ ఇంట్లో జరిగిన లొల్లి గురించి చెప్పాను. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. వెళ్ళిపోయాక గిన్నెలు కడుగుతుంటే, పనికొచ్చేది ఒక్కటీ చెప్పలేదే అనిపించింది. మరచిపోయి కాదు. మొహం చూస్తూ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నేను రెండుసార్లు రిటైరైన మనిషిని. మొదట సర్కారు పశువుల దవాఖానాలో అటెండర్‌గా చేశాను. అక్కడ అన్నీ బర్రెలు, మేకలు. అక్కడి నుంచి దిగిపోయాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక కిషన్‌బాగ్‌లో కొత్తగా తెరిచిన ఈ చిన్న క్లినిక్‌లో చేరాను. పెంపుడు పిల్లులకు, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చోటు. అంతకుముందు అది మూతబడిన ఒక ఫంక్షన్ హాలు వంటగది. మసాలా వాసన పూర్తిగా పోవడానికి ఏడాది పట్టింది. ఉన్నది ముగ్గురం. ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ కృష్ణా జిల్లా అమ్మాయి, నా కూతురి వయసు. వ్యాన్ నడిపే భాయ్ దబీర్‌పురా మనిషి. పిల్లుల్ని పట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు, నన్ను ఆపా, అంటే అక్కా, అనేవాడు. మూడోదాన్ని నేను. పేర్లు రాసుకోవడం, తూకం చూడటం, మత్తు ఇచ్చేటప్పుడు పట్టుకోవడం, ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేదాకా పక్కన కూర్చోవడం నా పని.

ఈ చివరిది చూడటానికి పని లాగే ఉండదు. పిల్లి మత్తులో కళ్ళు తెరుచుకునే ఉంటుంది, లోకం మాత్రం తెలియదు. పక్కకు పడుకోబెట్టి, మెడ చాపి, నాలుక బయటికి లాగి ఉంచాలి. కడుపులో ఏమైనా ఉంటే అది పైకి తన్నుకొస్తుంది. మెలకువగా ఉన్న పిల్లి దగ్గి బయటికి కక్కేస్తుంది. మత్తులో ఉన్నది దగ్గలేదు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని అందరికీ చెప్పేది అందుకే. దీనికంటే ఎక్కువ వైద్యం ఈ కథకు అక్కర్లేదు.

మొదటి ఆరునెలలు మా గుమ్మం తొక్కినవాళ్ళు తక్కువ. మూగజీవాన్ని గొడ్రాలిని చేయడం పాపమనేవారు కొందరు, కోసి పారేస్తారనేవారు కొందరు. డాక్టరమ్మ పాంప్లెట్లు పంచింది. వాటిలో మిర్చి బజ్జీలు కట్టించుకుని తెచ్చాడు భాయ్ ఒకరోజు. మమ్మల్ని నిలబెట్టింది ఒక ఇస్త్రీ బండి.

క్లినిక్‌కు మూడు గల్లీల అవతల ఒక పెద్దావిడ బొగ్గుల ఇస్త్రీ బండి నడిపేది. భర్త పోయాక ఒక్కతే ఉండేది. ఆ గల్లీలో ఏ ఇంటి బట్టలైనా ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే, ఏ ఇంటి మాటైనా ఆమె చెవిన పడాల్సిందే. అందరికీ ఆమె పెద్దమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది కాబట్టి నాకు అక్క. మనుషుల పేర్లు రాయను గానీ ఆమె పిల్లి పేరు రాస్తే ఎవరికీ నష్టం లేదు. మల్లి. తెలుపు, పసుపు కలిసిన ఒళ్ళు. బండి కింద వెచ్చగా పడుకునేది. గల్లీ చివర వరకు పెద్దమ్మ వెనకే నడిచేది. ఏడాదిన్నరలో మూడు ఈతలు ఈనింది. పిల్లలు ఆటోల కింద పడ్డాయి, కుక్కల నోట పడ్డాయి. మూడో ఈతలో చివరి పిల్ల పోయిన రోజు పెద్దమ్మ బండి తీయలేదట.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తనే మా దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడి, “ఏంది చెల్లె, ఏం జేస్తరు మీరు ఈడ?” అని అడిగింది. లోపలికి తీసుకెళ్ళి అన్నీ చూపించాను. మరుసటి వారం నుంచి ఆ గల్లీ పిల్లులు రావడం మొదలుపెట్టాయి. బుట్టల్లో, బియ్యం సంచుల్లో, ఒకసారి ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టెలో. ఎవరిని అడిగినా ఒకటే మాట. “పెద్దమ్మ చెప్పింది, ఏం ఫికర్ లేదంట.” తన మల్లిని మాత్రం తేలేదు. “వచ్చే వారం” అనేది. పదకొండు పిల్లులు క్షేమంగా ఇంటికి వెళ్ళాక, ఒక చలికాలం పొద్దున మల్లిని చంకలో పెట్టుకుని వచ్చింది.

ఆ రోజు వరండా కిక్కిరిసి ఉంది. పై ఆఫీసువాళ్ళు అచ్చువేయించిన మా ఫారంలో ఒక ప్రశ్న ఉండేది. గత పన్నెండు గంటల్లో ఆహారం ఇచ్చారా? అవును, లేదు. అంత పుస్తకాల భాష ఎవరికి ఎక్కుతుందని నేను దాన్ని నా మాటల్లోకి మార్చి అడిగేదాన్ని. అందులో నాకు కొంచెం గొప్ప కూడా ఉండేది.

“అక్కా, దీనికి బువ్వ పెట్టినవా?”

“పెట్టలే చెల్లె. రాత్రి సంది ముద్ద ముట్టనియ్యలే. మస్తు ఒర్రింది.”

లేదు అన్న గడిలో టిక్కు కొట్టాను. నేను అడిగినదానికి ఆమె నిజమే చెప్పింది.

ఆపరేషన్ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. మల్లిని పక్క గదిలో దుప్పటి మీద పడుకోబెట్టి, నాలుక సర్ది, పక్కన కూర్చున్నాను. లోపల డాక్టరమ్మ ఇంకో పిల్లిని మొదలుపెట్టింది. అప్పుడు వరండాలో కేక. ఎవరో తెచ్చిన పెద్ద గండుపిల్లి గోనెసంచి చింపుకుని బయటపడింది. “ఆపా! గేట్ బంద్ కరో! జల్దీ!” అని భాయ్ అరుస్తున్నాడు. గేటు దాటితే మెయిన్ రోడ్డు. నేను లేచి పరిగెత్తాను. గేటు వేశాను. అక్కడితో తిరిగి రావాల్సింది. అది నీళ్ళ డ్రమ్ము వెనక దూరితే, నేను ఒకవైపు, భాయ్ ఒకవైపు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాం. దొరికింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూనే గదిలోకి వచ్చాను.

మల్లి నోటి దగ్గర దుప్పటి తడిసి ఉంది. తెల్లగా, విరిగిన పాలు. చిగుళ్ళు నీలంగా మారాయి. తలకిందులుగా పట్టి, నోట్లో గుడ్డ పెట్టి తుడిచి, డాక్టరమ్మను కేకేశాను. ఆమె బల్ల మీది పిల్లికి కుట్టు ముగించి పరిగెత్తుకొచ్చింది. ఆక్సిజన్ పెట్టింది, ఇంజెక్షన్ ఇచ్చింది, రెండు వేళ్ళతో రొమ్ము నొక్కుతూ చాలాసేపు ప్రయత్నించింది. చివరికి నేల మీద కూలబడింది.

“పాలు పట్టారమ్మా. మీరు అడగలేదా?”

“అడిగిన మేడం. పెట్టలే అన్నది.”

నేను పక్కన ఉన్నానా లేదా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. డాక్టరమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడి, “అమ్మా, మల్లి...” అని ఆగిపోయింది. ఆ అమ్మాయి చేతిలో అంతకుముందు ఒక్క ప్రాణమూ పోలేదు. అప్పుడు నేను ముందుకు వచ్చాను. ఎవరూ చెప్పమనలేదు. నోరు దానంతటదే తిరిగింది.

“అక్కా, దాని గుండె కమ్జోర్ ఉండె. మత్తుకు తట్టుకోలే. లోపట ఏమున్నదో పైకెల్లి ఎట్ల తెలుస్తది?”

ఆమె నా మొహం వైపు చూసింది. “గుండెనా? గోడల మీద ఉరికేది గదా చెల్లె, గుండెనా?” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. “ఏడ్వకు. మీరేం జేస్తరు? మీరు జేసేది మీరు జేసిన్రు.”

నన్ను ఆమె ఓదార్చింది. ఇది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

భాయ్ ఆమెను, మల్లిని వ్యాన్‌లో తీసుకెళ్ళి, వాళ్ళ ఇంటి వెనక ఖాళీ ప్లాటులో గుంత తవ్వి పూడ్చి వచ్చాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

“ఆపా, గుండె అని ఎందుకు చెప్పిన్రు?”

“ఆమెకు బాధ తక్కువైతదని.”

“ఆమెకా?” అన్నాడు. అంతే. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రిజిస్టర్‌లో డాక్టరమ్మ ఉన్నది ఉన్నట్టే రాసింది, కడుపులోని పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయని. కాగితం మీద మేము శుభ్రంగా ఉన్నాం. నాకు నేను చెప్పుకున్న మాట ఒకటి ఉండేది. పాల సంగతి తెలిస్తే ఆ ముసలామె తన చేత్తో తానే చంపుకున్నానని కుమిలిపోతుంది, తెలియకపోవడమే మేలు. మంచి మాట. వినడానికి దయగా ఉంటుంది. ఆ దయ వెనక నేను గండుపిల్లి వెనక పరిగెత్తిన సంగతి కూడా హాయిగా దాక్కుంది. పాల మాట ఎత్తితే, కక్కినప్పుడు నువ్వెక్కడున్నావని ఎవరైనా అడగవచ్చు. గుండె మాటకు ఆ భయం లేదు.

ఆరు వారాలు ఆ గల్లీ నుంచి ఒక్క పిల్లీ రాలేదు. ఈలోగా అడిగే మాట మాత్రం మార్చుకున్నాను. బువ్వ అనడం మానేసి, “రాత్రి సంది దీని నోట్లెకు ఏమేం పోయినయి?” అని అడిగేదాన్ని. ఏడో వారం ఆ గల్లీలో జాకెట్లు కుట్టే ఆమె ఒక నల్లపిల్లిని బుట్టలో తెచ్చింది. అదే ప్రశ్న అడిగాను.

“ఏం లేదు సిస్టర్. ఒక్క గిలాస పాలు. ఇంత నెయ్యేసి తాపిన.”

“పాలెందుకు తాపిన్రు? ఏం పెట్టొద్దని ఫోన్ల చెప్పిన గదా?”

“ఇస్త్రీ పెద్దమ్మ చెప్పింది. ఆమె మల్లి గుండెల బలం లేక సచ్చిపాయె గదా. తీస్కపొయ్యేటప్పుడు మంచిగ పాలు తాపుండ్రి, గుండెకు తాకత్ వస్తదని గల్లీల అందరికీ చెప్తున్నది. ఇంకిద్దరు గూడ తెస్తమన్నరు వచ్చే వారం.”

పెన్ను పక్కన పెట్టాను. పెద్దమ్మ నా అబద్ధాన్ని అంత గట్టిగా నమ్మింది. నమ్మి ఊరుకునే మనిషి కాదు కదా, గల్లీ మేలు కోసం దాన్ని ఇంటింటికీ పంచుతోంది. ఒక్కో ఇస్త్రీ మూటతో పాటు.

జాకెట్ల ఆమెను, పిల్లిని వెనక్కి పంపాను. భాయ్ అంతా వింటూనే ఉన్నాడు. బుట్ట వ్యాన్‌లో పెట్టి వచ్చి, “ఆపా, మీరు చెప్తరా? నన్ను చెప్పమంటరా?” అన్నాడు.

“నేనే చెప్త భాయ్.”

ముందు డాక్టరమ్మకు చెప్పాను. గండుపిల్లి, గేటు, డ్రమ్ము, చప్పట్లు అన్నీ. ఆమె కత్తెరలు ఉడకబెడుతూ విన్నది. “ఆ రోజు నేను మిమ్మల్ని అడగాల్సింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు” అంది. పొయ్యి ఆపేసి మళ్ళీ అంది. “వెళ్ళి చెప్పండి. ఇక నుంచి ఆ గదిలో కూర్చున్న మనిషి బయటికి రావడానికి వీల్లేదు. వరండాలో పులి తప్పించుకున్నా సరే.”

ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆ గల్లీకి వెళ్ళాను. పెద్దమ్మ బండి దగ్గర స్కూలు యూనిఫారాలు ఇస్త్రీ చేస్తోంది. “రా చెల్లె, రా” అని స్టూలు లాగింది. నేను కూర్చోలేదు.

“అక్కా, ఆ రోజు మల్లికి పొద్దుగాల పాలు తాపినవా?”

“తాపిన. ఒర్రుతుంటె పానం ఆగలే. కోతకు పోయేదాన్ని ఉత్త కడుపుతోని ఎట్ల పంపాలె? చిన్న గిన్నెడు. ఏం?”

చెప్పాను. పాలు పైకి వచ్చాయని, ఊపిరికి అడ్డం పడ్డాయని, గుండెకు ఏ జబ్బూ లేదని. ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టెను జాగ్రత్తగా దాని పీట మీద పెట్టింది. రెండు చేతులూ బండి అంచుకు ఆనించింది.

“అంటే... నేనే సంపుకున్ననా?”

ఆ క్షణంలో ఊరుకుంటే సరిపోయేది. చెప్పాల్సింది చెప్పాను, పాలు తాపొద్దని ఆమె గల్లీకి తనే చెబుతుంది, పని అయిపోయినట్టే. ఇంటికి వెళ్ళిపోవచ్చు. నిజంలో సగం ఎంత సుఖంగా ఉంటుందో ఆ బండి ముందు నిలబడి తెలుసుకున్నాను.

“కాదక్కా. నేను అడిగింది తప్పు. బువ్వ అని అడిగిన, పాలని అడగలే. ఇంకోటి ఉన్నది. అది కక్కినప్పుడు నేను దాని పక్కన లేను. ఉంటే నోరు తుడిచేదాన్ని. బతికేదేమో.”

“యాడున్నవ్?”

“వేరే పిల్లి సంచి చింపుకొని ఉరికింది. దాన్ని పట్టనీకె పోయిన.”

“ఎంతసేపు?”

“ఐదు నిమిషాలు. పది గూడ కావచ్చు.”

“దొరికిందా అది?”

“దొరికింది.”

ఆమె గల్లీ చివర వరకు చూసింది. ఒక ఆటో వెళ్ళేదాకా ఆగింది.

“గుండె అన్నవు. నేను నీ చెయ్యి పట్టుకున్న ఆనాడు.” గొంతు పెంచలేదు. “ఇన్ని దినాలు గల్లీల ఇంటింటికి వొయ్యి పాలు తాపుండ్రని చెప్పిన. ఇంకెవరిదన్న సచ్చిపోతె?”

“పో మేడం” అంది. ఇస్త్రీపెట్టె తీసుకుని, మడత విప్పిన చొక్కాను మళ్ళీ మొదటి నుంచి చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు నన్ను ఎప్పుడూ మేడం అనలేదు.

అమ్మాయిలూ, ఇప్పుడు మీ ఫారంలో ఆహారం అన్న గడి ఉండదు. పాలు, చాయ్, రొట్టె, బిస్కెట్టు, నీళ్ళు అని విడివిడిగా ఉంటాయి. ఇంత పొడుగు ఎందుకని మీలో ఒకమ్మాయి విసుక్కుంది మొన్న. విసుక్కో తల్లీ, కానీ అన్నీ అడుగు. నీకు అర్థమైన మాటతో కాదు, వాళ్ళ వంటింట్లో ఆ పొద్దున ఏం జరిగిందో బయటికి వచ్చే మాటతో అడుగు. మనం అడిగినదానికే జనం జవాబు చెబుతారు. అది వాళ్ళ తప్పు కాదు. ఇంకో మాట. తప్పు చేసినప్పుడు మీ నోటికి ఒక మెత్తటి మాట తయారుగా దొరుకుతుంది. అది ఎవరిని కాపాడుతోందో ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. నాకు ఆ నిమిషం దొరకడానికి ఆరు వారాల పైనే పట్టింది.

ఆ ఆదివారం తర్వాత ఆ గల్లీ మాకు పోయినట్టే అనుకున్నాను. మూడు వారాలకు జాకెట్ల ఆమె నల్లపిల్లితో మళ్ళీ వచ్చింది. బుట్ట ఆమె చేతిలో లేదు. వెనక నడుస్తున్న పెద్దమ్మ చేతిలో ఉంది.

నేను రిజిస్టర్ తీసి జాకెట్ల ఆమెను అడగబోతుంటే పెద్దమ్మ అందుకుంది. కాగితం వైపే చూస్తూ చెప్పింది.

“పాలు లేవు. చాయ్ లేదు. బువ్వ లేదు. రాత్రి నా ఇంట్లనే పండవెట్టుకున్న, తలుపేసి. రాస్కో.”

రాసుకున్నాను. ఆమె నన్ను దాటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. “దీన్ని కోసినంక నేను పక్కన కూసుంట. లేసేదాంక కదల” అంది. బయటివాళ్ళను ఆ గదిలోకి రానివ్వం. డాక్టరమ్మ ఒకసారి నా వైపు చూసి, “కూర్చోండి అమ్మా” అంది.

దుప్పటికి ఆ పక్క ఆమె, ఈ పక్క నేను. మధ్యలో నల్లపిల్లి, కళ్ళు తెరుచుకుని, ఏమీ చూడకుండా. నేను నాలుక సర్దుతుంటే ఆమె నా వేళ్ళనే గమనించింది. వరండాలో ఏదో గొడవ జరిగింది, గిన్నె పడ్డ చప్పుడు, భాయ్ కేక. ఇద్దరం తల తిప్పలేదు. గంటన్నర గడిచింది. పిల్లి చెవి కదిలింది. ముందు కాలు కదిలింది. కాసేపటికి తల ఎత్తి, తాగినవాడిలా ఊగి, మళ్ళీ పడుకుంది. పెద్దమ్మ దాని నుదురు మీద వేలితో ఒక్కసారి నిమిరింది.

పెద్దమ్మ లేవబోయింది. నేను చెయ్యి చాపాను. ఆమె ఆ చెయ్యి వైపు చూసి, గోడ పట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“వచ్చే వారం ఇంకో రెండు తెస్త. ఈడ ఎవలు కూసుంటరు?”

“నేనే కూసుంట అక్కా.”

“నేను గూడ కూసుంట” అని మెట్లు దిగింది.